సమాధి కరగినను ఐక్యము చెదరదు

వరద తగ్గిన పిమ్మట కృష్ణాతీర గ్రామములలోని గృహస్థుడు మొదట చూచుకొనునది ఇల్లు, పశువు, పైరు. ఆ మూడింటి చింత కొంత తీరిన తరువాత అతని అడుగులు పెద్దల సమాధుల వైపు సాగును. తోట్లవల్లూరు కరకట్టకు ఆవల, నదికి ఈవల ఉన్న లంకభూములలో ఈ చూపు పలుమారులు కలతనే మిగుల్చును. నిరుడు ఎత్తుగా కనిపించిన మట్టిదిబ్బ చదునై యుండును. నిలువుగా నాటిన రాయి ఒరిగి యుండును. గట్టు కోతపడిన చోట సమాధి యున్న నేలయే ఏటిలో కలిసి యుండును. అట్టి వేళ వృద్ధుల నోట వెడలు ప్రశ్న యొకటి కలదు. "సమాధి నీటిపాలైనది గదా, మరి లింగైక్యులైన పెద్దల గతి యేమి? వారికి చేసిన సంస్కారము వ్యర్థమాయెనా?"

ఈ ప్రశ్న చిన్నది కాదు. దహనము చేయు కుటుంబమునకు మూడవనాటికే దేహచింత తీరిపోవును. దేహమును భూమికి అప్పగించు లింగధారి కుటుంబమునకు ఆ స్థలముతో సంబంధము తరతరములు నిలుచును. కనుక భూగర్భమున దేహమేమగునో, శవపేటిక యేమగునో, పైన కట్టిన రాయి యేమగునో తెలిసికొనుట ఆ కుటుంబమునకు అవసరము. తెలిసిన పిమ్మట భయము తొలగును, చేయవలసిన కర్తవ్యము మిగులును.

క్రియాసమాధి స్వరూపము

లింగధారి శివైక్యము చెందినపుడు దేహమును శుద్ధిచేసి, విభూతి రుద్రాక్షలు ధరింపజేసి, జీవించి యుండగా లింగపూజకు కూర్చున్న తీరుననే కూర్చుండబెట్టుదురు. విమానముపై ఊరేగించి సమాధిస్థలమునకు చేర్తురు. గుంత కొలతను శివైక్యము చెందినవారి పాదముతోనే కొలుచు ఆచారము పలుచోట్ల కలదు. కొందరు గుంత ప్రక్కగోడలో గూడు తొలిచి అందు దేహము నుంతురు, కొందరు గుంత నడుమనే ఉంతురు. దీక్షనాడు గురువు అనుగ్రహించిన ఇష్టలింగమును ఎడమ అరచేత నిలుపుదురు. పిమ్మట బిల్వపత్రములు, విభూతి, కొన్ని కుటుంబములలో ఉప్పు వేసి, మంత్రపూర్వకముగా మట్టితో పూడ్తురు. ప్రాంతమును బట్టి, కుటుంబాచారమును బట్టి వివరములు మారును గాని సారము ఒక్కటే. దేహమునకును మట్టికిని నడుమ పెట్టె యుండదు.

పెట్టె లేకపోవుట బీదతనముచేత గాని అలక్ష్యముచేత గాని కాదు. లింగధారణచే పవిత్రమైన దేహము పంచభూతములలో నేరుగా కలియవలెనన్న భావమే దానికి మూలము. షట్‌స్థలములలో భక్త, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణస్థలముల పిమ్మట వచ్చు ఐక్యస్థలము గుంతలో సిద్ధించునది కాదు. అది సాధకుడు జీవించి యుండగానే ఎక్కవలసిన మెట్టు. గుంతలో జరుగునది మిగిలిన దేహమునకు మర్యాదతో చెప్పు వీడ్కోలు మాత్రమే. ఈ విషయము గుర్తున్నచో తరువాతి సంగతులు కలతపెట్టవు.

మట్టిలో దేహము

ప్రాణము వీడిన కొన్ని గంటలకే దేహకణములు తమలోని రసములచేతనే కరుగుట ఆరంభించును. అటుపై ప్రేగులలో నివసించు సూక్ష్మజీవులు దేహమంతట వ్యాపించును. వాయువులు పుట్టి ఉదరము ఉబ్బును, రసములు మట్టిలోనికి ఇంకును. ఇది మలినము కాదు, శిక్షయు కాదు. జీవము నిచ్చిన సూక్ష్మప్రపంచమే దానిని తిరిగి గైకొను క్రమము. జనన మరణ సూతకములను పాటింపని వీరశైవ దృష్టికి ఇందు రోతపడవలసినది లేదు.

ఈ క్రమము గాలిలో వేగముగను, నేలలో మెల్లగను సాగును. పందొమ్మిదవ శతాబ్దిలో బెర్లిను నగరపు వైద్యుడు కాస్పర్ ఒక స్థూలమైన లెక్క చెప్పెను. గాలిలో ఒక వారమున జరుగు మార్పు నీటిలో రెండు వారములకు, భూమిలో ఎనిమిది వారములకు జరుగునని ఆయన గణన. వేడిమి, నేల తీరు, లోతు, వస్త్రములు, పెట్టె యుండుట లేకుండుట అనువానిని బట్టి ఇది మారును. వేడిదేశములలో, పెట్టె లేక, గాలి యాడు నేలలో ఉంచిన దేహము కొలది సంవత్సరములలోనే అస్థిమాత్రమగును. బరువైన బంకమట్టిలో, నీరు నిలుచు చోట అంతకు మిక్కిలి హెచ్చుకాలము పట్టును.

నీరు నిలిచి గాలి సోకని నేలలో మరియొక వింత జరుగును. దేహములోని క్రొవ్వు కుళ్ళుటకు మారుగా సబ్బువంటి తెల్లని గట్టి పదార్థముగా మారును. పారిసు నగరములో నిండిపోయిన ఇన్నొసెంట్ల శ్మశానమును 1780లో మూసివేసి, 1786 మొదలు అచటి అస్థికలను పాత రాతిగనుల సొరంగములకు తరలించిరి. ఆ త్రవ్వకములలో బయటపడిన ఈ పదార్థమును ఫూర్‌క్రోయ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు పరిశీలించి దానికి పేరు పెట్టెను. జర్మనీలోని బంకనేలల శ్మశానములలో నేటికిని ఇది యొక చిక్కుగా నున్నది. అచట సమాధిస్థలమును నియతకాలమునకు మాత్రమే ఇత్తురు. ఆ గడువు తీరి మరల త్రవ్విన వేళ దేహము కరగక కనిపించుట కలదు. దీనినిబట్టి తెలియునదేమన, దేహము చెక్కుచెదరక యుండుట మహిమకు నిదర్శనము కాదు, కరగిపోవుట పాపమునకు నిదర్శనము కాదు. రెండును నేలయొక్క, నీటియొక్క ధర్మములే.

ఇక అస్థికల సంగతి. పులుపుగుణము గల నేలలో అవి త్వరగా కరగును. క్షారగుణము గల నేలలో చిరకాలము నిలుచును. కృష్ణాతీరముననే దీనికి సాక్ష్యము కలదు. నాగార్జునసాగరు జలాశయము నిండకమునుపు, 1954 మొదలు 1960 వరకు, నాగార్జునకొండ లోయలో పురావస్తుశాఖవారు విస్తృతముగా త్రవ్వకములు జరిపిరి. అందు బృహచ్ఛిలాయుగపు సమాధులు బయల్పడినవి. రెండువేల యేండ్లకు పైబడిన ఆ సమాధులలో మానవాస్థికలు దొరకినవి. వారి పేర్లు లేవు, భాష తెలియదు, వంశము తెలియదు. ఎముక నిలిచినది, పేరు నిలువలేదు. పిమ్మట ఆ లోయయే జలాశయములో మునిగినది.

పేటిక, రాయి – వాని ఆయువు

కొయ్యపెట్టెలో ఉంచినచో దేహము కలకాలము భద్రముగ నుండునని కొందరి తలంపు. అది నిజము కాదు. మామిడివంటి మెత్తని కొయ్య తేమనేలలో కొలది యేండ్లకే చెదలకును బూజునకును ఆహారమగును. టేకు హెచ్చుకాలము నిలుచును గాని అదియు శాశ్వతము కాదు. పెట్టెలోని ఖాళీస్థలమే దానికి శత్రువు. పైనున్న మట్టి బరువునకు మూత కుంగి విరుగును, మట్టి లోనికి జారును, ఉపరితలమున గుంట పడును. సమాధి క్రుంగినదని బంధువులు బెదరుదురు. నిజమునకు క్రుంగినది పెట్టె మూత.

క్రియాసమాధిలోను గూడును బోలుగా విడిచినచో ఇదే జరుగును. ఒక వానకాలము గడచునప్పటికి గూటి కప్పు కూలి పైమట్టి దిగును. అందుచేతనే గూటిని విభూతితో, బిల్వదళములతో, మెత్తని మట్టితో నింపి, గుంత పూడ్చునపుడు పొరపొరకు త్రొక్కించి, పైన దిబ్బగా పోయుదురు. దిబ్బ చదునగుట సహజము. దానిని చూచి అపశకునమని తలపరాదు.

దేహమును పెట్టెలో నిలిపియుంచగోరినవారి కథ యొకటి బందరులో నేటికిని చెప్పుకొందురు. అచటి సెయింట్ మేరీ చర్చి జాన్ పేటర్ అను ఆంగ్ల సైన్యాధికారి కట్టించినది. ఆయనకు ప్రియురాలైన అరబెల్లా రాబిన్సన్ 1809లో మరణించెను. ఆమెను పవిత్రభూమిలో పూడ్చుటకు మతాధికారి అంగీకరింపకపోగా, ఆమె సమాధిపైననే చర్చి లేపించెనని చెప్పుదురు. దేహమునకు లేపనములు పూయించి అద్దపు పెట్టెలో నుంచి, మీట నొక్కిన పైకి లేచునట్లు అమర్చెనని జనశ్రుతి. ఆ కథలో ఎంత నిజమో ఎంత కల్పనయో యెట్లున్నను, నేడు ఆ దేహమును చూచువారు లేరు. నిలిచినది చర్చి, నిలిచినది ఆ ప్రేమకథ. పెట్టె తన పని సాధింపలేదు.

బందరులోనే వలందావారి శ్మశానము కలదు. డచ్చివారిని తెలుగువారు వలందావారని పిలిచిరి. వలందపాలెమను పేరు అందుకు గుర్తు. పదునేడవ శతాబ్ది వర్తకుల సమాధులపై చెక్కిన బిరుదచిహ్నములు, అక్షరములు నేటికిని కొంత చదువ వీలగుచున్నవి. ఆ స్థలము కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో నున్నది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన బందరును ముంచి సుమారు ముప్పదివేలమందిని పొట్టన పెట్టుకొన్నది. ఆ రాళ్ళు మాత్రము దానిని దాటి నిలిచినవి. అయినను వాటిముందు కన్నీరు విడుచు బంధువు నేడు ఒక్కడును లేడు. రాయి మూడువందల యేండ్లు నిలుచును, దాని ముందు మోకరిల్లు కుటుంబము అంతకాలము నిలువకపోవచ్చును. రాతిని కాపాడుట పురావస్తుశాఖకు సాధ్యమైనది, స్మృతిని కాపాడుట వంశమునకే సాధ్యము.

డెల్టా నేల, వరదనీరు

దిగువ కృష్ణ డెల్టా నేల ఒక్క తీరుది కాదు. లంకలలో ఇసుక కలిసిన ఒండ్రు, కరకట్టకు లోపల నల్లరేగడి, దివిసీమ వైపు ఉప్పుతేమ గల నేలలు. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తియైనది మొదలు కాలువల నీరు ఈ నేలను తడుపుచున్నది. ఆ ఆనకట్ట స్థానమున 1957లో ప్రకాశము బ్యారేజి వచ్చినది. కాలువలు పారు దినములలో పలుచోట్ల కొలది అడుగుల లోతుననే నీరూట కనిపించును. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు నెర్రెలిచ్చును. ఆ ఉబ్బుటలో కుంగుటలో పైనున్న రాయి ఏటేట ఒరుగును. కట్టుబడి లోపమని మేస్త్రిని నిందించిన లాభము లేదు, అది నేల స్వభావము.

లంకలలో పరిస్థితి వేరు. అచటి నేల గుల్లగా నుండి గాలి యాడుటచే దేహము త్వరగా మట్టిలో కలియును. కాని నది ఏ యేట గట్టు నొరసికొని ప్రవహించునో చెప్పరాదు. 2009 అక్టోబరులో ప్రకాశము బ్యారేజివద్ద ప్రవాహము పదకొండు లక్షల క్యూసెక్కులు దాటినది. 2024 సెప్టెంబరు తొలిదినములలో 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి మునుపటి రికార్డులను మించినది. ఆ వరదలలో తోట్లవల్లూరు మండలములోని పాములలంక, తోడేళ్ళదిబ్బలంక వంటి గ్రామముల చుట్టును నీరే. బ్రతికియున్నవారిని పడవలపై ఒడ్డు చేర్చవలసిన చోట సమాధుల దిబ్బలు నిలుచునని ఆశింపరాదు.

వరదనీటిలో పెట్టెసమాధి యొక్క ఆపద వేరు. మూత గట్టిగా బిగించిన పెట్టె పడవవంటిది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గల పెట్టె పదునెనిమిది ఘనపుటడుగుల చోటు ఆక్రమించును. అంత నీరు సుమారు ఐదువందల కిలోల బరువు తూగును. దేహమును పెట్టెను కలిపి తూచినను దానిలో సగము కూడ ఉండదు. నేల నానిన వేళ నీరు దానిని పైకి ఎగదట్టును. పైమట్టి వదులైనచో పెట్టె తేలివచ్చును. 1994 జూలైలో అమెరికాలోని జార్జియా రాష్ట్రమున ఆల్బనీ పట్టణమును ఫ్లింటు నది ముంచెత్తినపుడు సుమారు నాలుగువందల శవపేటికలు ఇట్లే తేలినవి. ఎవరి పెట్టె ఎవరిదో గుర్తించి మరల పూడ్చుటకు అచటి అధికారులు నెలలు శ్రమింపవలసివచ్చెను. పెట్టె లేని క్రియాసమాధిలో తేలుటకు బోలు లేదు. మట్టి మట్టిని పట్టియుండును. పూర్వులు ఈ లెక్క వేసి చేసిరో లేదో గాని వారి ఆచారము నదీతీరమునకు తగియున్నది.

ఒకే నది ఒడ్డున

కృష్ణనీరు తోట్లవల్లూరునకు చేరకమునుపు లింగధారులకు పవిత్రములైన రెండు క్షేత్రములను తాకి వచ్చుచున్నది. ఒకటి అక్కమహాదేవి, అల్లమప్రభువుల స్మృతితో ముడివడిన శ్రీశైలము. దానికి ఎంతో ఎగువన, కర్ణాటకములో మలప్రభ కృష్ణలో కలియు చోట, రెండవది కూడలసంగమము. బసవేశ్వరుడు పన్నెండవ శతాబ్దిలో ఐక్యము చెందిన స్థలము అదియే యని సంప్రదాయము.

ఆ ఐక్యస్థలమును కూడ నీరు విడిచిపెట్టలేదు. దిగువను నారాయణపురము వద్ద కట్టిన జలాశయపు నీరు కూడలసంగమము వరకు వ్యాపించినది. ఆ జలాశయమునకు బసవసాగరమనియే పేరు. ఐక్యమంటపము మునిగిపోకుండ దాని చుట్టును లోతైన బావివంటి గోడ నిర్మించిరి. చుట్టును నీరు నిలిచియుండగా భక్తులు మెట్లవెంట లోపలికి దిగి ఐక్యలింగమును దర్శించుచున్నారు.

ఈ దృశ్యమునుండి రెండు పాఠములు గ్రహింపవలెను. సమాధిని కాపాడుట అజ్ఞానము కాదు. సమాజము పూనుకొన్నచోట దానికై గోడ కట్టుటయు సముచితమే. ఇది మొదటిది. రెండవది మరింత ముఖ్యము. ఆ గోడ లేకున్నను, మంటపము నీటిలో నుండిపోయినను, బసవేశ్వరుని బోధ మునిగెడిది కాదు. దేహమునే దేవాలయముగా భావించి, కాయకమును దాసోహమును బోధించిన మహనీయుని ఐక్యము ఒక కట్టడముపై ఆధారపడియుండదు. ఆయనకు లేని ఆధారము సామాన్య భక్తునికి కావలెననుట యుక్తము కాదు.

సమాధియే లేనివారు

1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో వేలాదిమంది ప్రాణములు కోల్పోయిరి. పొలములలో, కాలువలలో, తుమ్మచెట్ల నడుమ చిక్కిన దేహములను ఎవరి వారో తెలియకయే స్వచ్ఛందసేవకులు, సైనికులు కలిసి సామూహికముగా దహనము చేసిరి, పూడ్చిరి. ఏ కులాచారమును, ఏ మతాచారమును పాటించుటకు వీలులేని దినములవి. అందు లింగధారులు ఉన్నను, క్రైస్తవులు ఉన్నను, ముస్లిములు ఉన్నను వారివారి సంస్కారము జరుగలేదు. సమాధి నిలిచినవారికే సద్గతి యనినచో వీరందరికి గతి లేదని చెప్పవలసివచ్చును. అట్టి మాట పలుకుటకు ఏ శరణుని నోరును సాహసింపదు. దివిసీమలో వారి జ్ఞాపకార్థము నిలిపిన స్తూపము క్రింద దేహములు లేవు, అయినను ప్రతియేట అచట జనులు తలవంచి నిలుతురు. స్మృతికి దేహము క్రింద నుండవలసిన పనిలేదని దివిసీమ ప్రజలు ఆచరణలో చూపినారు.

మరియొక విషయము కూడ గమనింపదగినది. ప్రకృతివైపరీత్యములలో మరణించినవారి దేహములవలన అంటువ్యాధులు ప్రబలునన్న భయము చాలవరకు నిరాధారమని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. త్రాగునీరు మలినమగుటయే అసలు ప్రమాదము. కాబట్టి వరదలో సమాధి తెరచుకొన్నచో బెదరి పారిపోక, మర్యాదతో వ్యవహరించుటకు వ్యవధి కలదని తెలియవలెను.

గృహస్థులును మఠములును చేయవలసినవి

పై సంగతులు తెలిసిన పిమ్మట ఆచరణకు కొన్ని నియమములు ఏర్పడును.

ఒకటి: స్థలనిర్ణయము. సాధ్యమైనంతవరకు కరకట్టకు లోపల, మెరకనేలను సమాధులకు ఎన్నుకొనవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరపు కార్యాలయము 1998లో వెలువరించిన నివేదిక ప్రకారము త్రాగునీటి బావికి 250 మీటర్ల దూరముండుట, గుంత అడుగునకును నీరూటకును నడుమ కనీసము ఒక మీటరు పొడినేల ఉండుట మేలు. డెల్టాలో ఇది అన్నిచోట్ల దొరకదు. దొరకని చోట లోతు తగ్గించి పైన దిబ్బ పెంచుట నీటిలో దింపుటకంటె ఉత్తమము.

రెండు: గుంతలో వేయునవి. నూలువస్త్రము, విభూతి, బిల్వము మట్టిలో కలియును. ప్లాస్టికు సంచులు, కృత్రిమపు దారముల వస్త్రములు, మెరుపుకాగితముల దండలు దేహము కరగిన పిమ్మట కూడ మిగులును. వాటిని గుంతలో వేయరాదు. ఉప్పు అమితముగ వేయుటవలన దేహము కరగుట మందగించును. ఆచారము గల కుటుంబములు కొలదిగ వేసిన చాలును.

మూడు: కట్టుబడి. పూడ్చిన వెంటనే సిమెంటుతో కట్టరాదు. ఒక వానకాలము గడచి, మట్టి క్రుంగుట తీరిన పిమ్మట చిన్న రాయి నిలుపుట చాలును. దేహముచుట్టు సిమెంటుపెట్టె కట్టుట క్రియాసమాధి భావమునకే విరుద్ధము. అది మట్టినుండి దేహమును వేరుచేయును, రాబోవు తరమువారికి స్థలము లేకుండ చేయును. ఇరుకైన శ్మశానవాటికలో ఒక ధనవంతుని మంటపము నలుగురు పేదల స్థలమును మ్రింగును. కాయకమున దాసోహమున సమానత్వమును చాటిన మతములో మరణానంతరము హెచ్చుతగ్గులు చూపుట తగదు.

నాలుగు: నమోదు. మఠము లేక గ్రామసంఘము సమాధిపుస్తక మొకటి నిర్వహింపవలెను. పేరు, దీక్షాగురువు, శివైక్యతిథి, స్థలము గుర్తు అందు వ్రాయవలెను. శ్మశానవాటిక సర్వే సంఖ్య, విస్తీర్ణము, హద్దులు రెవెన్యూ దస్తావేజులలో సరిగా నున్నవో లేదో చూచి, హద్దురాళ్ళు వేయించి, బిల్వవృక్షములు నాటవలెను. వరద రాయిని త్రోసివేయగలదు గాని పుస్తకమును ఇంటి అటకపై దాచుకొనవచ్చును. సమాధిస్థలములను అవమానపరచు ఉద్దేశముతో అందు ప్రవేశించుట శిక్షార్హమైన నేరము. పూర్వము శిక్షాస్మృతి 297వ సెక్షనులో నున్న ఆ నిబంధన, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 301వ సెక్షనుగా నున్నది. హక్కు నిలువవలెనన్న దస్తావేజు ఉండవలెను.

ఐదు: సమాధి బయల్పడినపుడు. అస్థికలు గాని ఇష్టలింగము గాని కనిపించినచో వాటిని పిల్లల ఆటకు, చూపరుల వేడుకకు విడువరాదు. వస్త్రమున కప్పి, గ్రామాధికారులకు తెలిపి, గురువు లేక జంగముని పిలిచి, మెరకచోట మరల నిక్షేపింపవలెను. ఎవరివో తెలియకున్నను అదే మర్యాద చేయవలెను. నది ముందే గైకొన్నచో దానికై ప్రాయశ్చిత్తములు, ఖర్చుతో కూడిన క్రతువులు అవసరము లేదు. ఇష్టలింగమునకు పూజచేసి, జంగమార్చన జరిపి, శక్తికొలది దాసోహము చేసిన చాలును. సమాధి కొట్టుకొనిపోయినదని భయపెట్టి ధనము గుంజువారి మాట నమ్మరాదు.

ముగింపు

దేహము కొలది యేండ్లకు మట్టియగును. కొయ్యపెట్టె దానికి ముందో వెనుకో అదే దారి పట్టును. ఎముక నేలను బట్టి నిలుచును, రాయి శతాబ్దములు నిలిచి యొరుగును, నది తన యిచ్చవచ్చినట్లు గట్టును మార్చుకొనును. వీనిలో ఏదియు తప్పు కాదు, ఏదియు అపచారము కాదు. అపచారమగునది వేరు. పెద్దల పేరు ఇంటి పిల్లలకు తెలియకపోవుట, సమాధిస్థలమును అన్యాక్రాంతము కానిచ్చుట, పేదవానికి ఆరడుగుల చోటు లేదనుట, ఇష్టలింగపూజ మాని సమాధిపూజకు మాత్రమే వత్సరమున కొకసారి పోవుట, ఇవి అపచారములు.

వరద తగ్గిన పిమ్మట లంకకు పోయి, చదునైన నేలను చూచి కన్నీరు పెట్టిన గృహస్థునకు ఈ పాఠము చెప్పు సమాధాన మిది. పెద్దలు అచట లేరు, వరదకు పూర్వమును లేరు. వారు పట్టుకొనిన లింగము నేడు అతని అరచేతిలో నున్నది, వారు నేర్పిన కాయకము అతని పొలములో నున్నది. ఆ రెంటిని విడువకున్నంతకాలము కృష్ణ ఎంత పొంగినను కొట్టుకొనిపోవునది మట్టి మాత్రమే.

మననమునకు ప్రశ్నలు

1. క్రియాసమాధిలో పెట్టె వాడకపోవుటకు భావమేమి? నదీతీరమున దానివలని ప్రయోజనమేమి?

2. దేహము చెడక నిలుచుటయు, త్వరగా కరగుటయు దేనిపై ఆధారపడును? వీనిని పుణ్యపాపములకు ముడిపెట్టరాదనుటకు కారణమేమి?

3. కూడలసంగమ ఐక్యమంటపమునుండియు, దివిసీమ స్తూపమునుండియు గ్రహింపదగిన పాఠములెవ్వి?

4. గ్రామములోని సమాధిస్థలమునకు హద్దులు, సమాధిపుస్తకము ఉన్నవా? లేనిచో ఎవరు పూనుకొనవలెను?